గెజిట్‌లో అచ్చయ్యే నిరంకుశత్వం

విశాఖపట్నంలో కంచరపాలెం వైపు తిరిగేవారికి బర్మా క్యాంప్ కొత్త పేరు కాదు. బర్మా నుంచి తిరిగివచ్చిన కుటుంబాలు స్థిరపడటం వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చింది. 1962 మార్చి 2న జనరల్ నె విన్ రంగూన్‌లో ఎన్నికైన ప్రభుత్వాన్ని సైన్యంతో కూలదోసి, తర్వాతి రెండేళ్లలో బ్యాంకులనూ వర్తక సంస్థలనూ చివరికి చిల్లర దుకాణాలనూ జాతీయం చేయడంతో, తరాలుగా అక్కడ బతికిన భారతీయులు లక్షల సంఖ్యలో కట్టుబట్టలతో వెనక్కి వచ్చారు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి రంగూన్ రేవులో కూలిపనికి వెళ్లినవారి సంతానం కూడా అందులో ఉంది. నిరంకుశత్వం అంటే ఏమిటో ఆ తరానికి ఎవరూ వివరించనక్కరలేదు. దానికి ఒక తేదీ ఉండేది, రేడియోలో ఒక ప్రకటన ఉండేది, కూడలిలో తుపాకీ పట్టుకున్న సైనికుడు ఉండేవాడు. నిన్నటిదాకా ఉన్న పార్లమెంటు ఇవాళ లేదన్న సంగతి అందరికీ ఒకేసారి తెలిసేది.

ఆ రకం పూర్తిగా పోలేదు. 2021 ఫిబ్రవరి 1న అదే దేశంలో సైన్యం మళ్లీ అదే పని చేసింది. మాలి, బుర్కినా ఫాసో, నైజర్ దేశాల్లోనూ ఈ మధ్య సైనికులే గద్దెనెక్కారు. అయితే ఇప్పుడు ప్రజాస్వామ్యాలు ఎక్కువగా క్షీణిస్తున్న దారి వేరు. ఎన్నికల్లో సక్రమంగా గెలిచిన నాయకుడు, సభలో తనకున్న మెజారిటీతో చేసిన చట్టాల ద్వారా, గెజిట్‌లో అచ్చయిన నోటిఫికేషన్ల ద్వారా, తనను ఓడించగల మార్గాలను ఒక్కొక్కటిగా ఇరుకు చేసుకుంటూ పోతాడు. ఎన్నికలు జరుగుతూనే ఉంటాయి, పత్రికలు వస్తూనే ఉంటాయి, కోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉంటాయి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా పనిచేసే వి-డెమ్ సంస్థ 2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రజాస్వామ్య దేశాలు 88, నిరంకుశ పాలనలోని దేశాలు 91. రెండు దశాబ్దాల తర్వాత లెక్క ఇలా తిరగబడటం ఇదే మొదటిసారి. ఈ లెక్కలు నిపుణుల అభిప్రాయాల మీద ఆధారపడినవి కాబట్టి వాటి మీద వివాదాలున్నాయి. అదే సంస్థ భారతదేశాన్ని ‘ఎన్నికలు జరిగే నిరంకుశ పాలన’ జాబితాలో చేర్చగా భారత ప్రభుత్వం ఆ వర్గీకరణను తోసిపుచ్చింది. ఏ దేశం ఏ గడిలో పడుతుందన్న తగువు కన్నా, ఆ మార్పు ఏ పద్ధతిలో జరుగుతుందో అర్థం చేసుకోవడం మనకు ఎక్కువ ఉపయోగం.

పద్ధతిని చూడటానికి హంగరీ కన్నా మంచి ఉదాహరణ లేదు. 2010 ఏప్రిల్ ఎన్నికల్లో విక్టర్ ఓర్బాన్ నాయకత్వంలోని ఫిదెస్ కూటమికి దాదాపు 53 శాతం ఓట్లు వచ్చాయి. అక్కడి ఎన్నికల విధానం వల్ల ఆ ఓట్లు 386 సీట్లలో 263గా, అంటే మూడింట రెండు వంతులకు పైగా మారాయి. హంగరీలో రాజ్యాంగాన్ని మార్చడానికి ఆ బలం చాలు. ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే 2011లో కొత్త రాజ్యాంగం ఆమోదం పొంది, 2012 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ సమయంలోనే న్యాయమూర్తుల పదవీ విరమణ వయసును 70 నుంచి 62కు తగ్గించారు. పైకి చూస్తే అదొక పరిపాలనా సంస్కరణ. ఇతర ప్రభుత్వోద్యోగులతో సమానం చేస్తున్నామని, యువతకు అవకాశమిస్తున్నామని ప్రభుత్వం చెప్పుకుంది. ఫలితంగా రెండు వందల మందికి పైగా సీనియర్ న్యాయమూర్తులు, వారిలో కోర్టులకు అధిపతులుగా ఉన్న చాలామంది, కొద్ది నెలల్లో ఇంటికి వెళ్లాల్సివచ్చింది. వారి స్థానాలను కొత్తవారితో నింపారు. ఐరోపా న్యాయస్థానం 2012 నవంబరులో ఇది వయసు ఆధారంగా చూపిన వివక్ష అని తీర్పు చెప్పింది, ప్రభుత్వం చట్టాన్ని సవరించింది కూడా. అప్పటికే ముఖ్యమైన కుర్చీలు నిండిపోయాయి. చాలామందికి మిగిలింది నష్టపరిహారమే.

తర్వాతి అడుగులు కూడా ఇదే తీరులో పడ్డాయి. పార్లమెంటు స్థానాలను 386 నుంచి 199కి తగ్గించి నియోజకవర్గాల సరిహద్దులు తిరగరాశారు. 2014లో అధికార కూటమి ఓట్లు సుమారు 45 శాతానికి పడిపోయినా, సీట్లు మాత్రం 199లో 133 వచ్చి మూడింట రెండు వంతుల బలం నిలిచింది. 2016 అక్టోబరులో ప్రధాన ప్రతిపక్ష పత్రిక నేప్‌సబద్‌షాగ్ మూతపడింది, నష్టాలే కారణమని యాజమాన్యం చెప్పింది. 2018లో ప్రభుత్వానికి దగ్గరైన యజమానులు నాలుగు వందలకు పైగా పత్రికలు, చానెళ్లు, వెబ్‌సైట్లను ఒకే ఫౌండేషన్‌కు ఉచితంగా అప్పగించారు. ఇది పోటీ చట్టం పరిధిలోకి రాకుండా, జాతీయ ప్రాముఖ్యం గల వ్యవహారమంటూ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. వీటిలో ప్రతి చర్యనూ విడిగా తీసుకుంటే, అలాంటిదే మరో ప్రజాస్వామ్య దేశంలో ఉందని వాదించవచ్చు. పార్లమెంటు సీట్లు తగ్గించుకున్న దేశాలున్నాయి, న్యాయమూర్తులకు 62 ఏళ్లకే విరమణ ఉన్న చోట్లున్నాయి. మన హైకోర్టు న్యాయమూర్తులకు అదే వయసు. అన్నీ కలిపి చూస్తే గానీ అవి ఎటు నడుస్తున్నాయో కనిపించదు. అలా కలిపి చూపించాల్సిన పత్రికల గొంతు అప్పటికి సన్నబడింది.

పదవీ విరమణ వయసుకు వ్యతిరేకంగా జగదాంబ కూడలిలో ఎవరైనా ధర్నా చేస్తారా? పత్రికలో లోపలి పేజీలో రెండు పేరాల వార్తగా వచ్చి పోయే విషయమది. విసుగు పుట్టించే నిబంధనల్లోకి అధికార మార్పిడి సూత్రాన్ని దాచిపెట్టగలగడమే ఈ కొత్త నిరంకుశత్వానికి ఉన్న అసలు బలమని నా అభిప్రాయం. 

ఆ పనిముట్టును మనం దూరదేశాల్లో వెతకనక్కరలేదు. 2020 మార్చి 15న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ కరోనా కారణంగా స్థానిక ఎన్నికలను వాయిదా వేశారు. ప్రభుత్వానికి అది నచ్చలేదు. ఏప్రిల్ 10న ఒక ఆర్డినెన్స్ వెలువడింది. కమిషనర్ పదవీకాలాన్ని 5 ఏళ్ల నుంచి 3 ఏళ్లకు తగ్గించింది, ఆ పదవికి ఇకపై హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అర్హుడని చెప్పింది. 2016లో నియమితులైన కమిషనర్‌కు మూడేళ్లు ఎప్పుడో దాటిపోయాయి కనుక ఆర్డినెన్స్ రాగానే ఆయన పదవి పోయింది. ఎక్కడా ఆయన పేరు లేదు, తొలగింపు అన్న మాట లేదు. తటస్థుడైన న్యాయమూర్తిని తెస్తున్నాం, ఇది ఎన్నికల సంస్కరణ అని ప్రభుత్వం వాదించింది. రాజ్యాంగంలోని 243కె అధికరణం ప్రకారం రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ను హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప తొలగించరాదు, నియామకం తర్వాత ఆయన సేవా నిబంధనలను నష్టం కలిగేలా మార్చరాదు. హైకోర్టు మే 29న ఆ ఆర్డినెన్స్‌ను కొట్టివేసింది. సుప్రీంకోర్టు స్టే ఇవ్వడానికి నిరాకరించింది. జులై చివరికి ఆయన తిరిగి బాధ్యతలు స్వీకరించారు.

బుడాపెస్ట్‌లో 70ని 62 చేసిన చేతికీ, మన రాష్ట్రంలో 5ను 3 చేసిన చేతికీ పట్టిన పనిముట్టు ఒకటే. అంతమాత్రాన ఆంధ్రప్రదేశ్‌ను హంగరీతో సమానం చేయడం అతిశయోక్తి అవుతుంది. ఏడు వారాల్లో హైకోర్టు తీర్పు వచ్చింది, ఆ తీర్పును పైకోర్టు ఆపలేదు, చివరికి అదే కమిషనర్ ఎన్నికలు నిర్వహించారు. పోలండ్‌లో 2018లో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల విరమణ వయసును 70 నుంచి 65కు తగ్గించినప్పుడు, ప్రథమ న్యాయమూర్తి మల్గోజాతా గెర్స్‌డోర్ఫ్ తన పదవీకాలం రాజ్యాంగంలోనే రాసి ఉందంటూ మర్నాడు మామూలుగా కోర్టుకు వచ్చారు. బయట జనం ఆమెకు మద్దతుగా నిలిచారు. ఐరోపా న్యాయస్థానం అక్టోబరులో ఆ చట్టాన్ని నిలిపివేయమని ఆదేశించగా, ప్రభుత్వం వెనక్కి తగ్గి ఆ న్యాయమూర్తులను పనిలోకి తీసుకుంది. హంగరీలో తీర్పు వచ్చేసరికి కుర్చీలు నిండాయి, పోలండ్‌లో నిండకముందే అడ్డు పడింది. రెండింటి మధ్య తేడా చాలావరకు కాలానిది.

ఇదంతా ఒక పార్టీ మీద వేయదగిన నేరం కాదు. 2014 తర్వాతి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ప్రతిపక్షం నుంచి 23 మంది ఎమ్మెల్యేలు అధికార పక్షంలోకి వెళ్లారు, వారిలో నలుగురు 2017లో మంత్రులయ్యారు, అనర్హత పిటిషన్లు మాత్రం స్పీకర్ దగ్గరే ఉండిపోయాయి. ఫిరాయింపుల చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు, నిర్ణయం తీసుకోకపోవడంతోనే అది పనిచేయడం ఆగిపోయింది. కేంద్రంలో, ఎన్నికల కమిషనర్ల ఎంపికకు ప్రధానమంత్రి, ప్రతిపక్ష నేత, ప్రధాన న్యాయమూర్తి కలిసిన కమిటీ ఉండాలని, పార్లమెంటు చట్టం చేసేదాకా ఆ ఏర్పాటు నడవాలని 2023 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో చేసిన చట్టం ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ప్రధాని సూచించే కేంద్రమంత్రిని కూర్చోబెట్టింది. చట్టం చేసే అధికారం పార్లమెంటుకు ఉంది, అందులో సందేహం లేదు. ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం వారే ఉన్న కమిటీలో ప్రతిపక్ష నేత సంతకానికి ఎంత విలువ ఉంటుందన్నది మాత్రం ఏ పార్టీ అధికారంలో ఉన్నా అడగవలసిన ప్రశ్న.

ఇంతకీ ప్రజలు దీన్ని ఎందుకు ఒప్పుకుంటారు? ఈ ప్రశ్నకు మోసపోయారు అన్న సమాధానం తేలికైనది, చాలామేరకు తప్పు కూడా. తెలుగువాళ్లం మనమే దీనికి సాక్ష్యం. 1975 జూన్ 25 రాత్రి ప్రకటించిన ఎమర్జెన్సీ 1977 మార్చి 21 దాకా నడిచింది. పత్రికల మీద సెన్సార్‌షిప్ వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి విద్యార్థి నాయకుడిగా ఎదిగిన వెంకయ్యనాయుడు వంటి యువకులు ఎందరో జైలుకు వెళ్లారు. పౌరుడిని అక్రమంగా నిర్బంధించినా కోర్టుకు వెళ్లే హక్కు ఎమర్జెన్సీలో లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు 4–1 మెజారిటీతో చెప్పింది. విభేదించిన ఒక్క న్యాయమూర్తి హెచ్.ఆర్.ఖన్నాను పక్కనపెట్టి, 1977 జనవరిలో ఆయన కన్నా జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆ తర్వాత జరిగిన ఎన్నికల్లో ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో కాంగ్రెస్‌కు ఒక్క సీటూ దక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 కాంగ్రెస్‌వే. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పార్టీ తరఫున గెలిచారు.

మన రాష్ట్రం ఎమర్జెన్సీని సమర్థించిందని దీన్నిబట్టి తేల్చేయడం తొందరపాటు. బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల భయం ఉత్తరాదిలో ఉన్నంతగా ఇక్కడ లేదు. ఇరవై సూత్రాల కార్యక్రమం కింద ఇళ్ల స్థలాలు, అప్పుల మాఫీ వంటి మాటలు పేదల చెవిన పడ్డాయి. జనతా పార్టీకి ఇక్కడ వేళ్లు లేవు. అన్నిటికన్నా ముఖ్యంగా, జైల్లో ఎవరున్నారో, కోర్టులో ఏం జరిగిందో చెప్పే వార్త అచ్చు కావడానికి వీల్లేదు. హక్కులు పోయిన మనిషి తన పక్కింటివాడైతే ఓటరు ఒకలా ఆలోచిస్తాడు, ఎవరో తెలియనివాడైతే మరోలా ఆలోచిస్తాడు. కొత్తతరం నిరంకుశ పాలకులకు ఈ సూత్రం బాగా తెలుసు. అందుకే వారు లక్షల మందిని జైల్లో పెట్టరు. కొద్దిమంది విలేకరుల మీద, ఒకరిద్దరు ప్రతిపక్ష నాయకుల మీద, కొన్ని స్వచ్ఛంద సంస్థల మీద పన్ను కేసో, విదేశీ నిధుల కేసో, పరువునష్టం దావానో పెడతారు. మిగతావారి రోజువారీ జీవితం ఏమీ మారదు.

దీనికి తోడయ్యేది అవతలి పక్షం మీద భయం. తమ నాయకుడు నిబంధనలు మీరుతున్నాడని చాలామంది మద్దతుదారులకు తెలుసు. కానీ ఇతను పోతే వచ్చేవాడు మనల్ని తొక్కేస్తాడన్న భయం ముందు ఆ తెలివిడి ఓడిపోతుంది. టర్కీలో 2017 ఏప్రిల్‌లో ప్రధాని పదవినే రద్దుచేసి అధ్యక్షుడికి అధికారాలన్నీ కట్టబెట్టే సవరణలకు 51.4 శాతం మంది ఔనన్నారు. అప్పటికి దేశం ఎమర్జెన్సీలో ఉంది, లక్షమందికి పైగా ప్రభుత్వోద్యోగులు డిక్రీలతో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కులం పేరుతో, ప్రాంతం పేరుతో, అభిమాన నాయకుడి పేరుతో రెండుగా చీలిన ఏ సమాజంలోనైనా ఈ భయాన్ని పెంచి పోషించడం కష్టం కాదు. మన రాష్ట్రంలో ప్రభుత్వం మారగానే పాత ప్రభుత్వం వారి మీద కేసులు, వారు తిరిగివచ్చాక వీరి మీద కేసులు అన్న ఆనవాయితీ పార్టీల కార్యకర్తలకు ఒకటే నేర్పుతోంది: ఓడిపోవడం ప్రమాదకరమని. ఓటమి ప్రమాదకరమైన చోట గెలుపు కోసం ఏ నిబంధననైనా వంచడానికి మనుషులు సిద్ధపడతారు.

నిరంకుశ పాలకుడికి అన్నిటికన్నా విలువైన సంస్థ ఏదో పెరూ దేశపు లంచాల చిట్టా చెబుతుంది. అధ్యక్షుడు అల్బెర్టో ఫుజిమోరి గూఢచారి విభాగాన్ని నడిపిన వ్లాదిమిరో మోంటెసినోస్ ఎవరెవరికి ఎంత ఇచ్చాడో రాసుకున్నాడు, ఇస్తుండగా వీడియోలు కూడా తీయించుకున్నాడు. న్యాయమూర్తులకు, ఎంపీలకు ఇచ్చింది నెలకు వేల డాలర్లలో ఉండగా, ఒక పెద్ద టీవీ చానెల్ యజమానికి నెలకు 15 లక్షల డాలర్లు ముట్టింది. న్యాయమూర్తి ఒకడు ఎదురుతిరిగితే మరొకరిని చూసుకోవచ్చు, ఒక్క చానెల్ నిజం చెబితే మాత్రం మిగిలిన అందరికీ పెట్టిన ఖర్చు వృథా. చివరికి అలాగే అయింది. కొద్దిమంది చందాదారులే ఉన్న కెనాల్ ఎన్ అనే చిన్న కేబుల్ చానెల్‌ను ఎవరూ కొనలేదు. 2000 సెప్టెంబరు 14న అందులో ఒక లంచం వీడియో ప్రసారమైంది, రెండు నెలలకు ఫుజిమోరి జపాన్ నుంచి ఫ్యాక్స్‌లో రాజీనామా పంపాడు. ఇప్పుడు చానెళ్లకు తోడు ఫోన్లు వచ్చాయి. అక్కడ నిజాన్ని ఆపడం కన్నా దాన్ని అబద్ధాల గుట్ట కింద కప్పేయడం చవక, ఆ పని చేయడానికి ప్రతి పార్టీకీ జీతాల మీద మనుషులున్నారు.

ఎదుర్కోవడం సంగతికి వస్తే, మొదటి పాఠం ప్రతిపక్షాలది, అది చేదుగా నేర్చుకున్నది. వెనిజులాలో 2005 పార్లమెంటు ఎన్నికలు సక్రమంగా జరగవంటూ ప్రతిపక్షాలు బహిష్కరించాయి. ఓటింగ్ 25 శాతం దగ్గర ఆగింది, మొత్తం 167 సీట్లూ అధ్యక్షుడు చావెజ్ పక్షానికి పోయాయి, ఐదేళ్లపాటు ఏ చట్టాన్నీ ప్రశ్నించే గొంతు సభలో దాదాపు లేకపోయింది. పోలండ్‌లో 2023 అక్టోబరు 15న ప్రభుత్వ టీవీ పూర్తిగా అధికార పార్టీ చేతిలో ఉన్నా ప్రతిపక్షాలు బరిలో నిలిచాయి. అందరూ ఒకే గుర్తు మీద కాకుండా మూడు కూటములుగా పోటీచేసి, ఎన్నికల తర్వాత కలుస్తామని ముందే చెప్పాయి. 1989 తర్వాత ఎన్నడూ లేనంతగా 74 శాతం ఓటింగ్ నమోదై ప్రభుత్వం మారింది. ఐక్యతే మంత్రమని కూడా అనలేం. 2022లో హంగరీ ప్రధాన ప్రతిపక్షాలు ఒకే అభ్యర్థి వెనుక నిలిచి ఘోరంగా ఓడిపోయాయి. టర్కీలోని ఇస్తాంబుల్‌లో 2019 మార్చిలో ప్రతిపక్ష అభ్యర్థి ఎక్రెమ్ ఇమామొగ్లు సుమారు 13 వేల ఓట్ల తేడాతో మేయర్‌గా గెలిస్తే ఆ ఎన్నికను రద్దుచేశారు. జూన్‌లో మళ్లీ పెడితే తేడా 8 లక్షలకు పెరిగింది. అదే మనిషి అధ్యక్ష అభ్యర్థిగా ముందుకొచ్చిన 2025 మార్చిలో, మొదట ఆయన విశ్వవిద్యాలయ పట్టాను రద్దుచేశారు, మర్నాడు అరెస్టు చేశారు. టర్కీలో అధ్యక్ష పదవికి పోటీ చేయాలంటే పట్టా తప్పనిసరి.

రెండోది, కుర్చీల్లో కూర్చున్నవారి వేగం. 2024 డిసెంబరు 3 రాత్రి పదిన్నర ప్రాంతంలో దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో కనిపించి సైనిక పాలన ప్రకటించారు. సభలో మెజారిటీ సభ్యులు కోరితే సైనిక పాలన ఎత్తేయాల్సిందేనని అక్కడి రాజ్యాంగం చెబుతోంది, కాబట్టి ఆ రాత్రి పోరాటమంతా సభ్యులు లోపలికి చేరగలరా లేదా అన్నదాని మీదే నడిచింది. పోలీసులు గేట్లు మూసేస్తే అరవై ఏడేళ్ల స్పీకర్ వూ వన్ షిక్ ప్రహరీ ఎక్కి లోపలికి దిగారు. సిబ్బంది తలుపులకు బల్లలు అడ్డం పెట్టి, మంటలార్పే సిలిండర్లతో సైనికులను ఆపారు. అర్ధరాత్రి దాటాక ఒంటిగంట వేళ హాజరైన 190 మందీ రద్దుకు ఓటేశారు, అందులో 18 మంది అధ్యక్షుడి సొంత పార్టీవారు. తెల్లవారకముందే ప్రకటన వెనక్కి పోయింది, 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా ఆయనను పదవి నుంచి తొలగించింది. 1980లో గ్వాంగ్జులో సైన్యం జరిపిన మారణకాండ జ్ఞాపకం లేకపోతే ఆ రాత్రి జనం అంత త్వరగా సభ ముందుకు వచ్చేవారు కాదేమో. ఆ పద్దెనిమిది మంది గురించి నేను ఎక్కువగా ఆలోచిస్తాను. సొంత పార్టీ నాయకుడికి వ్యతిరేకంగా అర్ధరాత్రి ఓటేయగల సభ్యులు మన పార్టీల్లో ఎందరుంటారో ఊహించడం కష్టం, పైగా మన ఫిరాయింపుల చట్టం ప్రకారం విప్ ధిక్కరిస్తే వారి సభ్యత్వమే పోతుంది.

మనకూ అలాంటి నెల ఒకటుంది. 1984 ఆగస్టు 16న, అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని వచ్చిన రెండు రోజులకే, ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావును గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. బలం నిరూపించుకునే అవకాశం శాసనసభలో ఇవ్వమని రామారావు అడిగినా గవర్నర్ వినలేదు. ఆయన 160 మందికి పైగా ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. రాష్ట్రమంతా బందులు జరిగాయి, వామపక్షాల నుంచి భారతీయ జనతా పార్టీ దాకా కాంగ్రెసేతర పక్షాలన్నీ ఒకే వేదిక ఎక్కాయి. గవర్నర్ మారారు, కొత్త ముఖ్యమంత్రి సభలో బలం చూపలేకపోయారు, సెప్టెంబరు 16న రామారావు తిరిగి ప్రమాణం చేశారు. ముప్పై ఒక్క రోజులు పట్టింది. మెజారిటీని తేల్చవలసింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే అని సుప్రీంకోర్టు బొమ్మై కేసులో స్పష్టం చేయడానికి 1994 దాకా ఆగాల్సివచ్చింది. ఆ నెలరోజులూ ఎమ్మెల్యేలు చేజారకుండా కర్ణాటకలో శిబిరాల్లో దాచారన్నది కూడా గుర్తుంచుకోవాలి. ప్రజాస్వామ్యాన్ని కాపాడిన ఆ ఉపాయమే తర్వాత క్యాంపు రాజకీయాలుగా మారి, జిల్లా పరిషత్ ఎన్నికల నుంచి మేయర్ మీద అవిశ్వాసం దాకా అంతటా పాకింది.

ఇక మామూలు పౌరుడు చేయగలిగిందేమిటన్న ప్రశ్న. ఇక్కడ గొప్ప మాటల కన్నా ఒక కాగితం గురించి చెప్పడం మేలు. పోలింగ్ రోజు సాయంత్రం, విశాఖలో ఏ బూత్‌లోనైనా, ఆఖరి ఓటు పడ్డాక ప్రిసైడింగ్ అధికారి కంట్రోల్ యూనిట్ మీద ‘క్లోజ్’ బటన్ నొక్కుతారు. ఎన్ని ఓట్లు పడ్డాయో, యంత్రం నంబరేమిటో, కాగితపు సీళ్ల నంబర్లేమిటో 17సి ఫారంలో రాసి, అక్కడున్న ప్రతి పోలింగ్ ఏజెంటుకూ దాని నకలు ఇచ్చి రసీదు తీసుకోవాలి. లెక్కింపు రోజు బల్ల దగ్గర కూర్చున్న ఏజెంటు ఆ కాగితంతో యంత్రం చూపే మొత్తాన్ని సరిపోల్చవచ్చు. ఎండలో పొద్దుటినుంచి కూర్చున్న ఏజెంట్లు సాయంత్రానికి అలసిపోయి, ఫారం తీసుకోకుండానే వెళ్లిపోవడం పార్టీలవారందరికీ తెలిసిన బలహీనత. వెనిజులాలో 2024 జులై 28న ప్రతిపక్షం ఆధారపడింది సరిగ్గా ఇలాంటి కాగితం మీదే. ఓటింగ్ యంత్రాలు అచ్చువేసిన లెక్కల పత్రాల నకళ్లను ఏజెంట్లు బూత్‌ల నుంచి పట్టుకొచ్చారు, ఎనభై శాతానికి పైగా యంత్రాల పత్రాలను స్కాన్ చేసి అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. అధ్యక్షుడు మదురోయే గెలిచారని ప్రకటించిన ఎన్నికల సంఘం బూత్‌లవారీ లెక్కలు చూపలేకపోయింది. ఆ పత్రాలు అధికారాన్ని వెంటనే మార్చలేదు, 2025 జనవరిలో మదురో మళ్లీ ప్రమాణం చేశారు. అయితే ఎవరు గెలిచారో తెలియదని చెప్పే వీలు మాత్రం ఎవరికీ లేకుండా పోయింది.

నిరంకుశుడు లేకుండానే ప్రజాస్వామ్యం ఎండిపోవడం కూడా ఈ నగరం చూసింది. మహా విశాఖ నగరపాలక సంస్థకు 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. గడువు తీరకముందే ఎన్నికలు పూర్తికావాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం చెబుతుంది. పొరుగు మున్సిపాలిటీల విలీనం, వార్డుల పునర్విభజన, కోర్టు వ్యాజ్యాలు అంటూ ఒక్కో కారణంతో అవి తొమ్మిదేళ్లు వెనక్కి జరిగాయి. 98 వార్డులకు చివరికి 2021 మార్చి 10న, పైన చెప్పిన ఆ ఎన్నికల కమిషనర్ రమేష్ కుమార్ పర్యవేక్షణలోనే పోలింగ్ జరిగింది. ఈ మధ్యకాలంలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని ఊడ్చేసింది, 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో విషవాయువు ప్రాణాలు తీసింది. ఆ రెండు సందర్భాల్లోనూ వార్డు తరఫున మున్సిపల్ కమిషనర్‌ను నిలదీయగల కార్పొరేటర్ ఒక్కరూ లేరు. ప్రత్యేకాధికారులు సహాయం అందించలేదని కాదు, నిజానికి హుద్‌హుద్ తర్వాత నగరం వేగంగానే కోలుకుంది. అందువల్లనే కాబోలు, పాలకవర్గం లేదన్న సంగతి చాలామందికి లోటుగా తోచలేదు. ఎన్నికలు కావాలని కోర్టు మెట్లెక్కినవారు కొద్దిమందే.

చివరిగా మరమ్మతు. కట్టినదాన్ని కూల్చడం కన్నా కూల్చినదాన్ని తిరిగి కట్టడం ఎంత కష్టమో పోలండ్ చూపిస్తోంది. పాత ప్రభుత్వం నియమించిన న్యాయమూర్తులను ఎలా తొలగించాలి? చట్టం చేస్తే అధ్యక్షుడు ఆపుతాడు, చట్టం లేకుండా చేస్తే పాతవారి పద్ధతినే కొత్తవారూ అనుసరించినట్లవుతుంది. 2023 డిసెంబరులో కొత్త ప్రభుత్వం ప్రభుత్వ టీవీ యాజమాన్యాన్ని మార్చిన తీరు మీద అక్కడి మానవహక్కుల వాదులే అభ్యంతరం చెప్పారు. భారతదేశంలో 1977 తర్వాతి మరమ్మతు పని దీనికన్నా మెరుగ్గా జరిగింది. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ ఎమర్జెన్సీకి కారణంగా చూపే ‘అంతర్గత కల్లోలం’ అన్న మాటను తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని మార్చింది. మంత్రివర్గం రాతపూర్వక నిర్ణయం లేకుండా రాష్ట్రపతి ప్రకటన చేయకూడదంది. జీవించే హక్కును ఎమర్జెన్సీలోనూ నిలిపివేయరాదంది. ఎమర్జెన్సీలో జైలు అనుభవించినవారు, వారిని జైలుకు పంపి ఎన్నికల్లో ఓడిన పక్షంవారు కూడా సభలో కూర్చుని దీన్ని ఆమోదించారు. 

ఆ సవరణలోనే మూడో సెక్షన్ ఒకటుంది. విచారణ లేకుండా మనిషిని ముందస్తుగా నిర్బంధించే చట్టాల కింద, సలహా మండలి ముందుకు వెళ్లకుండా ఉంచగల గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు అది తగ్గిస్తుంది, ఆ మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మీద ఏర్పాటు చేయాలంటుంది. కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చిన రోజు నుంచి అది అమలవుతుందని సవరణలో రాశారు. నోటిఫికేషన్ ఎందుకు ఇవ్వలేదని ఎ.కె.రాయ్ కేసులో సుప్రీంకోర్టును అడిగితే, ఇవ్వమని ప్రభుత్వాన్ని తాము ఆదేశించలేమని 1981 డిసెంబరులో చెప్పింది. ఆ తర్వాత కాంగ్రెస్, జనతాదళ్, యునైటెడ్ ఫ్రంట్, భారతీయ జనతా పార్టీ, అన్ని పక్షాల ప్రభుత్వాలూ ఢిల్లీలో కొలువుదీరాయి. వాటిలో ఏదీ ఆ నోటిఫికేషన్ ఇవ్వలేదు.